లేజర్ తర్వాత ముఖం గరుకు: 180 రోజుల డైరీ, గుంటూరు

నాకు 31 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను, ఉండేది కొరిటెపాడులో. కాలేజీ రోజుల మొటిమలు రెండు బుగ్గల మీదా గుంటలు వదిలి వెళ్ళాయి. వాటి కోసం డిసెంబరు రెండో వారంలో ఫ్రాక్షనల్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ ఒక సిట్టింగ్ చేయించుకున్నాను. ఈ డైరీ గుంటల గురించి కాదు. ఆ తర్వాత ముఖం గరుకు కాగితంలా తయారై నెలల తరబడి ఎందుకు తగ్గలేదు, అందులో నా తప్పులు ఎన్ని, ఏది మారిస్తే తగ్గింది అన్నదే రాస్తున్నాను. లేజర్ చేయించుకున్న రోజు సున్నా. ఖర్చు లెక్కలో లేజర్ ఫీజు కలపలేదు, ఆ తర్వాత పెట్టినదే ఉంది.

కొలతలు

కంటిని నమ్మడానికి లేదు. పొద్దున అద్దంలో నున్నగా ఉన్న బుగ్గే రాత్రి ట్యూబ్‌లైటు కింద గతుకులుగా కనిపిస్తుంది. అందుకని వారానికోసారైనా రాత్రి 9 గంటలకు, ముఖం కడిగిన గంటకు, ఈ మూడూ రాసుకున్నాను.

1. బొడిపెలు: పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటులో 2 సెం.మీ. చదరం కత్తిరించాలి. కుడి బుగ్గకు పుట్టుమచ్చ, ఎడమ బుగ్గకు ఒక పాత గుంట నాకు ఆనవాళ్ళు. గదిలో లైటు తీసేసి, టార్చి వెలుగు చెవి పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, 30 సెం.మీ. దూరం నుంచి ఫోటో తీసి ఆ చదరంలో లెక్కపెట్టాలి.
2. దూది: కుంకుడు గింజంత దూదిని చెవి నుంచి ముక్కు వైపు తేలిగ్గా 10 సార్లు లాగాలి. ఎన్నిసార్లు పోగు చిక్కుకుందో రాయాలి.
3. మంట: ముఖం కడిగిన 5 నిమిషాలకు ఎంత మండిందో 0 నుంచి 10 వరకు అంకె.

దూది కొలత మొదట తప్పు వచ్చింది. రెండు రోజుల గడ్డం వెంట్రుకలకే దూది చిక్కుకుంటుంటే చర్మం గరుకనుకున్నాను. ఆ తర్వాత గడ్డం మొలవని చోట, చెంప ఎముక మీద మాత్రమే లాగాను. మగవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

లేజర్‌కు ముందు రోజు: బొడిపెలు కుడి 7, ఎడమ 6. దూది 3. మంట 0.

మొదటి దశ: 0 నుంచి 10వ రోజు

ఈ లేజర్ 10,600 నానోమీటర్ల పరారుణ కాంతి. చర్మంలోని నీరు దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది. చర్మమంతా ఒకేసారి కాలదు, సన్నని గుంజల్లా కొన్ని చోట్లే కాలి, మధ్యలో మంచి చర్మం మిగులుతుంది. మానడం ఆ మిగిలిన చర్మం నుంచే మొదలవుతుంది. కాలిన తుక్కు పైకి నెట్టుకొచ్చి గోధుమరంగు చుక్కల్లా నిలబడుతుంది. వేలితో తాకితే అచ్చం ఇసుక. వారం పది రోజుల్లో అదంతా దానంతట అదే రాలిపోతుంది. ఈ గరుకుకు వైద్యం లేదు, అక్కర్లేదు.

నాకు పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటు ఉంది. ముందే చెప్పాను కాబట్టి డాక్టరమ్మ ఎసైక్లోవిర్ మాత్రలు రాసి, లేజర్‌కు ముందు నుంచే వేసుకోమన్నారు. ఆ అలవాటు ఉన్నవాళ్ళు తప్పకుండా చెప్పాలి. కాలిన చర్మం మీద ఆ పొక్కులు తెచ్చే వైరస్ ముఖమంతా పాకే ప్రమాదం ఉంది.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇది:

1. రోజుకు 3 సార్లు సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డను ఆనించి తీయడం. రుద్దకూడదు.
2. పలుచగా పెట్రోలియం జెల్లీ. చర్మం ఎండిపోకూడదు.
3. పక్కులు గిల్లకూడదు. ఎండలోకి వెళ్ళకూడదు.

6వ రోజు స్నానం చేశాక కుడి బుగ్గను తువ్వాలుతో గట్టిగా తుడిచాను. చుక్కలు సగం ఊడొచ్చాయి, చేతికి హాయిగా అనిపించింది. పుట్టుమచ్చకు కాస్త కింద 4 మి.మీ. మేర ఎర్రగా చెమ్మ తేలింది. అది 27వ రోజుకు 6 బై 4 మి.మీ. నల్లమచ్చగా మారింది. మన చామనఛాయ చర్మానికి దెబ్బ తగిలితే రంగు దిగడం మామూలే. అరక్షణం తువ్వాలు పని, అయిదు నెలల మచ్చ.

ఈ దశ ఖర్చు: జెల్లీ 95, సబ్బు కాని ఫేస్‌వాష్ 320, సెలైన్, గాజుగుడ్డ 110. మొత్తం రూ. 525.

రెండో దశ: 11 నుంచి 21వ రోజు

12వ రోజు: కుడి 9, ఎడమ 8. దూది 4. మంట 2. అంటే దాదాపు దారిలో పడినట్టే. ఇక్కడ చేయాల్సింది జెల్లీ మానేసి తేలికైన మాయిశ్చరైజర్‌కు మారడం. కొత్త చర్మం కప్పుకునే దాకానే జెల్లీ అని డాక్టరమ్మ చెప్పారు కూడా. చర్మం మెరుస్తోంది కదా అని నేను 18వ రోజు దాకా మందంగా పూశాను. 14వ రోజు బ్లేడుతో గడ్డం గీశాను, అదీ తొందరే.

21వ రోజు: కుడి 19, ఎడమ 17. దూది 6. మంట 2.

ఈ గరుకు మొదటి వారం గరుకు కాదు. ఈసారివి గుండ్రటి బొడిపెలు, కొన్నిటి తలల్లో తెల్లటి గింజ. డాక్టరమ్మ భూతద్దంతో చూసి రెండు రకాలు ఉన్నాయన్నారు. తెల్లగింజలు మిలియా, చర్మం కిందే చిక్కుకుపోయిన కెరటిన్ (పైచర్మంలో ఉండే ప్రొటీన్) ముద్దలు. మిగతావి జెల్లీ కింద రంధ్రాలు మూసుకుపోయి లేచిన మొటిమల్లాంటి పొక్కులు. జెల్లీ ఆపి, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న పలుచని లోషన్ రాయమన్నారు. గడ్డానికి బ్లేడు వద్దు, ట్రిమ్మర్ చాలు. ఇంకేమీ పెట్టొద్దు, నాలుగు వారాలు చూద్దాం అన్నారు.

ఖర్చు: డాక్టరు 400, లోషన్ 450. ఇప్పటిదాకా రూ. 1,375.

మూడో దశ: 22 నుంచి 36వ రోజు

నాలుగు వారాలు ఆగమంటే నాలుగు రోజులు కూడా ఆగలేదు. గరుకు అంటే మృతచర్మం, దాన్ని కరిగిస్తే పోతుంది అని లెక్కేసుకుని 6 శాతం గ్లైకోలిక్ యాసిడ్, రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి మందు) క్రీము కొన్నాను. 24వ రోజు యాసిడ్, 26వ రోజు రెటినాయిడ్. లేజర్‌కు ముందు ఈ రెండూ నాకు పడేవి, అదే ధైర్యం. మూడు వారాల కొత్త చర్మానికి ఆ శక్తి ఉండదన్న ఆలోచన తట్టలేదు.

30వ రోజు: కుడి 21, ఎడమ 20. దూది 9. మంట 7.

దూది పదికి తొమ్మిది. ముఖం బిగుసుకుపోయి, పైన తళతళ, దగ్గరగా చూస్తే సన్నని పొలుసులు. మాయిశ్చరైజర్ రాసినా మంటే. ఇది మూడో రకం గరుకు: పైపొర దెబ్బతిని నీటిని పట్టి ఉంచలేకపోవడం. రుద్దేకొద్దీ, కరిగించేకొద్దీ ఇది పెరుగుతుంది. మా అమ్మ చూసి, "ఒరేయ్ నాన్నా, సెనగపిండి మీగడలో కలిపి నలుగు పెడతాను, రా" అంది. పొలుసులున్న చర్మం మీద పిండి రుద్దితే ఇంకా లేస్తుందని బతిమాలి ఆపాను.

31వ రోజు రెండూ ఆపేశాను. 36వ రోజు భోగి. తెల్లవారుజామున మంట దగ్గర అరగంట నిలబడ్డాను. ముఖం రెండు గంటలపాటు ఎర్రగా ఉడుకుతూనే ఉంది.

ఖర్చు: యాసిడ్ 560, రెటినాయిడ్ 290. మొత్తం రూ. 2,225.

నాలుగో దశ: 37 నుంచి 58వ రోజు

ఈ దశ గురించి ఎక్కువ రాస్తాను. మిగతా తప్పులు చేస్తే వెంటనే తెలిసింది. ఈ తప్పు బాగుపడుతున్నట్టే కనిపించింది.

సంక్రాంతి రోజు చుట్టాలంతా ముఖంలోకే చూస్తున్నారు. సాయంత్రం ఒక మందుల షాపులో ముఖం చూపించి మంట తగ్గేదేదైనా ఇవ్వమన్నాను. చీటీ అడగకుండా ఒక ట్యూబు ఇచ్చారు, 140 రూపాయలు, రాత్రిపూట పలుచగా రాయమన్నారు. 37 నుంచి 42వ రోజు వరకు ఆరు రాత్రులు రాశాను.

41వ రోజు: కుడి 8, ఎడమ 7. దూది 1. మంట 0.

లేజర్‌కు ముందు కూడా దూది 1 రాలేదు. ఆ అంకె నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీశాను. దారి దొరికిందనే నమ్మాను.

43వ రోజు నల్లమచ్చ చూపించడానికి వెళ్ళి, ట్యూబు కూడా జేబులో పెట్టుకెళ్ళాను. డాక్టరమ్మ వెనక ఉన్న చిన్న అక్షరాలు నాతోనే చదివించారు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. మూడోది స్టెరాయిడ్. వాపునూ ఎరుపునూ అది అణిచి ఉంచుతుంది, మాన్పదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి తేలి, ఆపిన ప్రతిసారీ మంట ఎగదన్ని, ఇక ఆపలేని స్థితి వస్తుంది. ఇలా పాడైన ముఖాలు మన దేశంలో ఎంత ఎక్కువంటే చర్మవైద్యులు ఆ స్థితికి విడిగా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో ఇలాంటి పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. పైగా నేను ఆపేశాననుకున్న రెటినాయిడ్ కూడా ఆ ట్యూబులోనే ట్రెటినాయిన్ అన్న పేరుతో ఉంది.

ఆరు రోజులే కాబట్టి ఒక్కసారిగా ఆపేయొచ్చన్నారు. నెలల తరబడి వాడినవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదు, ఎలా ఆపాలో డాక్టరు చెప్పాలి.

51వ రోజు: కుడి 26, ఎడమ 24. దూది 7. మంట 6.

ఈ డైరీ మొత్తంలో ఎక్కువ బొడిపెలున్న రోజు ఇదే. రెండు రోజులు పనికి వెళ్ళలేదు, అన్నం సహించలేదు. నా కొలతలు అబద్ధం చెప్పలేదు, 41వ రోజు చర్మం నిజంగానే నున్నగా ఉంది. నేను కొలిచింది పైనున్న నునుపును, చర్మం బాగును కాదు. అప్పటి నుంచి కొత్త మందు ఏది మొదలుపెట్టినా, కొన్నాళ్ళు వాడి పది రోజులు ఆపి, ఆపాక వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకున్నాను.

43 నుంచి 58వ రోజు దాకా, పగటి సన్‌స్క్రీన్ కాక, చేసింది ఇంతే:

1. పొద్దున మామూలు నీళ్ళు, రాత్రి ఫేస్‌వాష్. 20 సెకన్లు, వేళ్ళతోనే.
2. తువ్వాలు అద్దడం, తడి ఆరకముందే సెరమైడ్ లోషన్.
3. మధ్యాహ్నం మళ్ళీ లోషన్.

58వ రోజు: కుడి 18, ఎడమ 17. దూది 5. మంట 3.

ఖర్చు: ట్యూబు 140, డాక్టరు 400, లోషన్ 450. మొత్తం రూ. 3,215.

అయిదో దశ: 59 నుంచి 100వ రోజు, యార్డు సీజను

ఫిబ్రవరి వచ్చింది. యార్డుకు రోజూ లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వస్తున్నాయి. తేజ రకం కాయల గుట్టలు పోసి, పక్కన రంగు వెలిసిన తాలు కాయలు వేరుచేస్తుంటే గాలంతా ఎర్రటి ధూళి. 59వ రోజు నుంచి సాయంత్రం అయ్యేసరికి బుగ్గలు మండుతుంటే గంటకోసారి పంపు దగ్గర నీళ్ళు కొట్టుకున్నాను. మంట తగ్గలేదు సరికదా మెడకు కూడా పాకింది.

మా కొట్టు ముందు తొడిమలు తీసే ఒక పెద్దావిడ చూసి, "నీళ్ళు కొట్టుకుంటావేంది బాబూ, ఘాటు నీళ్ళకి పోతదా? ముందు నూనె రాసి తుడువు, తర్వాత సబ్బు" అంది. ఆ ఆడవాళ్ళంతా పనిలో దిగేముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. ఆవిడ మాట అక్షరాలా నిజం. ఘాటు ఇచ్చే క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్ళు దాన్ని చెంప మీద నుంచి మెడ మీదికి జరుపుతాయి, అంతే. మూడేళ్ళుగా ఆ ధూళిలో కూర్చుని నేను గమనించని సంగతి ఇది.

కొబ్బరినూనె నా ముఖానికి సరిపోదని డాక్టరమ్మ ఫోనులో చెప్పారు, పొక్కులు పెరుగుతాయట. బదులుగా లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ నూనె వాడమన్నారు. ఈసారి ఒక బుగ్గ మీదే పరీక్ష పెట్టాను, 70 నుంచి 84వ రోజు వరకు:

1. ఎడమ బుగ్గ: పని నుంచి రాగానే 5 చుక్కల పారఫిన్, అర నిమిషం తేలిగ్గా రాసి మెత్తటి నూలుగుడ్డతో అద్ది తీయడం, తర్వాత ఫేస్‌వాష్.
2. కుడి బుగ్గ: ఫేస్‌వాష్ ఒక్కటే.
3. మిగతావన్నీ రెండు వైపులా ఒకటే.

84వ రోజు: కుడి 16, ఎడమ 10. దూది కుడి 5, ఎడమ 3.

రెండు వారాల్లో ఆరు బొడిపెల తేడా. 85వ రోజు నుంచి రెండు బుగ్గలకూ అదే పద్ధతి.

మాస్కు సంగతి. కండువా చుట్టుకుంటే ధూళి మడతల్లో చేరి రోజంతా చర్మాన్ని రుద్దుతోంది. ఎన్95 మాస్కు అంచు సరిగ్గా లేజర్ తగిలిన చోటే నొక్కుతోంది. చివరికి వదులుగా ఉండే నూలు మాస్కులు రెండు పెట్టుకుని, మధ్యాహ్నం మార్చడం ఒకటే కుదిరింది.

నీళ్ళను కూడా అనుమానించాను. నీళ్ళలో కరిగిన లవణాలను చూపే 250 రూపాయల టీడీఎస్ మీటరుతో మా బోరు 1,380, మున్సిపల్ కుళాయి 290 చూపించింది. తాగేనీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మి.గ్రా. కాబట్టి బోరే దోషి అనుకుని, మూడు వారాలు చివరి చెంబు కుళాయి నీళ్ళతో కడిగాను. మంట ఒక్క అంకె తగ్గింది, బొడిపెల్లో తేడా లేదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న ఉప్పు నీళ్ళలో సబ్బు తెట్టె కట్టి చర్మానికి అంటుకుంటుంది కానీ నేను వాడేది సబ్బే కాదు. మీరు మామూలు సబ్బు వాడుతుంటే ముందు సబ్బు మార్చండి, మీటరు కొనక్కర్లేదు.

సన్‌స్క్రీన్ కోసం కొన్న చిన్న డిజిటల్ కాటా మాత్రం బాగా పనికొచ్చింది. డబ్బా మీది ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే) అంకె రావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మి.గ్రా. పూయాలి. ముఖానికి సుమారు ఒక గ్రాము పైచిలుకు. నా వేళ్ళ మీదున్నది తూచితే 0.35 గ్రా. రెండు వేళ్ళ పొడవునా గీత పెట్టి తూచితే 1.1 గ్రా. వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ మూడో వంతే రాశాను, నల్లమచ్చ కదలకపోవడంలో వింత లేదు. 66వ రోజు నుంచి ఐరన్ ఆక్సైడ్ ఉన్న, లేతరంగు సన్‌స్క్రీన్‌కు మారాను. మన చర్మం రంగు మారడానికి అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుగు కూడా కారణం, దాన్ని ఆపేది ఆ రంగే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రోజుకు 2.2 గ్రా. 50 గ్రాముల ట్యూబు 22, 23 రోజులు. "పౌడరేశావా అన్నా" అని బస్తాలు మోసే ముఠా కుర్రాళ్ళు అడిగారు. ఎందుకో చెప్పాను, ఇద్దరు ట్యూబు పేరు రాసుకున్నారు.

100వ రోజు: కుడి 10, ఎడమ 8. దూది 3. మంట 1.

ఖర్చు: పారఫిన్ 85, కాటా 380, మీటరు 250, సన్‌స్క్రీన్ రెండు ట్యూబులు 1,500. మొత్తం రూ. 5,430.

ఆరో దశ: 101 నుంచి 180వ రోజు

మంట 1 దాకా దిగాకే మందు మొదలుపెడదామన్నారు డాక్టరమ్మ. 102వ రోజు నుంచి మొటిమలకూ నల్లమచ్చలకూ వాడే 10 శాతం అజెలాయిక్ యాసిడ్, మూడు రాత్రులకోసారి. 120 నుంచి రాత్రి విడిచి రాత్రి. 134 నుంచి 0.1 శాతం అడాపలీన్ (ఇదీ రెటినాయిడే) వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత, లోషన్ రాసి పావుగంట ఆగాక. మంట 3 దాటితే రెండూ ఆపి, 1కి దిగే దాకా లోషన్ ఒక్కటే. అలా ఆపాల్సి వచ్చింది ఒక్కసారే, 139వ రోజు. మందు తప్పు కాదు, ఆ రాత్రి నిద్రమత్తులో రెండూ కలిపి రాశాను.

మిగిలిన మిలియాలు నాలుగింటిని డాక్టరమ్మ సూదితో తీశారు. ఇంట్లో గిల్లితే గుంట పడుతుంది, నాకు కొత్త గుంటలు అక్కర్లేదు.

130వ రోజు: కుడి 7, ఎడమ 6. దూది 2. మంట 1.

మే మధ్యలో యార్డుకు వేసవి సెలవులిచ్చారు. ధూళి లేని ముఖం ఎలా ఉంటుందో చూసే అవకాశం అదే. 160 నుంచి 170 దాకా అడాపలీన్, అజెలాయిక్ రెండూ మానేశాను, నా పది రోజుల నియమం ప్రకారం.

160వ రోజు: కుడి 5, ఎడమ 4. దూది 1. మంట 0.
170వ రోజు, మందుల్లేకుండా: కుడి 5, ఎడమ 4. దూది 1. మంట 0.

అంకెలు కదల్లేదు. 41వ రోజు కూడా దూది 1 వచ్చింది, కానీ ఆ 1 పది రోజులు నిలవలేదు. లేజర్ తర్వాత లోపల చర్మాన్ని బిగువుగా ఉంచే కొత్త కొల్లాజెన్ పేరుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ మార్పులో దాని వాటా ఎంత, మందుల వాటా ఎంత అని నా కొలతలతో విడదీయలేను.

180వ రోజు: కుడి 4, ఎడమ 3. దూది 1. మంట 0. తువ్వాలు మచ్చ 3 బై 2 మి.మీ., లేత గోధుమరంగు.

ఖర్చు: డాక్టరు 400, అజెలాయిక్ 340, అడాపలీన్ 220, సన్‌స్క్రీన్ మూడు ట్యూబులు 2,250, లోషన్లు 900. మొత్తం రూ. 9,540. అందులో యాసిడ్, రెటినాయిడ్, ఆ షాపు ట్యూబు కలిపి 990 వృథా.

రెండో సిట్టింగ్ గురించి డాక్టరమ్మ అడిగారు. లోతైన గుంటలు ఇంకా ఉన్నాయి, చేయించుకుంటాను. కానీ నవంబరు మొదటి వారంలో. అప్పటికి ఎండ తగ్గుతుంది, కొత్త కాయ జోరందుకోవడానికి కనీసం పది వారాల వ్యవధి ఉంటుంది, భోగికి చర్మం వయసు రెండు నెలలు దాటుతుంది. ఈసారి జెల్లీ ఏ రోజు ఆపాలో చీటీ మీదే రాయించుకున్నాను: ఏడో రోజు. తర్వాతి నమోదు ఆ సిట్టింగ్ సున్నా రోజున.